వినపడటం లేదన్న మనిషికి నేను అమ్మినవి

తిరుపతిలో ఒక సంగీత వాయిద్యాల దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ముందు గదిలో వీణలు, మృదంగాలు, హార్మోనియం పెట్టెలు ఉండేవి. వెనక గది నాది. గిటార్లు, కీబోర్డులు, వాటికి కావలసిన ఆంప్లిఫయర్లు, స్పీకర్ బాక్సులు, కాలితో నొక్కే పెడళ్లు అక్కడ ఉండేవి. కింది స్వరాలు పలికే బేస్ గిటార్ సరంజామా కావాలంటే చిత్తూరు నుంచి గూడూరు దాకా ఆర్కెస్ట్రా వాళ్లు, చర్చి బృందాల వాళ్లు, కాలేజీ కుర్రాళ్లు నన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. పోయిన ఏడాది పని మానేశాను. నా స్థానంలో చేరిన రేవతి ఇంజనీరింగ్ చదివింది, కాలేజీలో బేస్ వాయించింది. మొన్న ఫోన్ చేసి, "బేస్ వాయించేవాళ్లకి ఏ ఆంపు, ఏ బాక్సు, ఏ పెడలు ఇయ్యాలో ఒక కాగితం మీద రాసిస్తారా సార్? నాకు పనికొస్తాది" అంది.

రాయడానికి కూర్చుని ఒక పేజీ నింపి చించేశాను. మోడళ్లు ఏడాదికోసారి మారతాయి, వాటి సంగతి రేవతికి నాకంటే బాగా తెలుసు. నాకు తెలిసి ఆమెకు తెలియనిది నేను చేసిన తప్పు ఒక్కటే. దాన్ని వదిలేసి మిగతావన్నీ రాస్తే ఆ కాగితం కూడా అబద్ధమే అవుతుంది. అందుకని అదే రాస్తున్నాను. పనికొచ్చే మాటలు మధ్యలో వస్తే ఏరుకో అమ్మా.

అడగడం తెలిసిన ఓనరు

మా ఓనరును అందరం శెట్టిగారు అనేవాళ్లం. ఆయనకు సంగీతం రాదు. కానీ బేస్ సామాను కోసం ఎవరొచ్చినా కుర్చీ వేసి కూర్చోబెట్టి ముందు ప్రశ్నలు అడిగేవారు. యాడ వాయిస్తావు? పక్కన డ్రమ్ములు ఉంటాయా? పెట్టెకి నువ్వు ఎంత దూరంలో నిలబడతావు? దాన్ని ఆటోలోంచి దించి మెట్లెక్కించేది ఎవరు? చివరి ప్రశ్నకు చాలామంది నవ్వేవాళ్లు. నలభై కిలోల పెట్టెను కల్యాణమండపం రెండో అంతస్తుకు ఒకసారి మోశాక, అదే మనుషులు తిరిగొచ్చి చిన్నది లేదా అని అడిగేవాళ్లు.

నాకు అడిగే అలవాటు లేదు. మా నాయన గుడి ఆఫీసులో గుమాస్తా. నన్నూ అక్కడే చేర్చాలని చూశాడు. నేను వినకుండా ఆరేళ్లు ఆర్కెస్ట్రాలో బేస్ వాయించి, పెళ్లయ్యాక ఈ దుకాణానికి వచ్చాను. స్టేజీ ఎక్కి దిగినవాణ్ణి కాబట్టి ఎదుటి మనిషి నోరు తెరవకముందే అతనికి ఏం కావాలో నాకు తెలుసు అనుకునేవాణ్ణి.

చేరిన రెండో ఏడు గూడూరు ఆర్కెస్ట్రా వాళ్లు వచ్చి, తమ ఆంపుకు రెండు బాక్సులు తగిలించవచ్చా అని అడిగారు. తగిలించండి, మోత పెరుగుతుంది అన్నాను. బాక్సుల వెనక రాసివుండే ఓముల అంకె చూడలేదు. నాలుగు ఓముల బాక్సులు రెండింటిని పక్కపక్కన కలిపితే ఆంపుకు రెండు ఓములే కనిపిస్తాయి. ఆ అంకె తగ్గేకొద్దీ ఆంపు మీద భారం పెరుగుతుంది. నాలుగుకు తగ్గితే ఈ ఆంపు తట్టుకోదని దాని వెనకే రాసి ఉంది. పెళ్లిలో మూడో పాటకే దానిలోంచి పొగ వచ్చింది.

వాళ్లు ఆంపు తెచ్చి బల్ల మీద పెట్టగానే, "మీ జనరేటర్ కరెంటు సరిగ్గా లేదప్పా" అన్నాను. నమ్మి వెళ్లిపోయారు. శెట్టిగారు కళ్లద్దాలు పెట్టుకుని ఆంపు వెనక అంకె చూశారు, తర్వాత నన్ను చూశారు.

"వరదా, అంకె సూడకపోతే పోనీ. ఎవురైనా ఒకసారి మరిసిపోతారు. ఆ జనరేటరోడు ఏం సేసినాడు నిన్ను? వాళ్లకి పోయి నిజం సెప్పిరా."

వచ్చే వారం వెళ్తానన్నాను. వెళ్లలేదు. ఆయన మరో రెండుసార్లు గుర్తుచేసి ఊరుకున్నారు. శెట్టిగారి మీద నాకు ఇప్పటికీ ఉన్న ఫిర్యాదు అదొక్కటే. ఆయన ఇంకోసారి కూడా అడిగివుండాల్సింది. చిన్న అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చని నేను నేర్చుకున్నది ఆ వారమే.

మునిరత్నం

మునిరత్నం చిత్తూరు మనిషి. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పని. ముహూర్తాల రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. సన్నగా, ఒద్దికగా, గొంతు ఎప్పుడూ పైకి లేవకుండా మాట్లాడేవాడు. మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు అతనికి ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో.

"సార్, స్టేజీ మీద నా బేస్ నాకే ఇనపడ్లేదు సార్. తీగ అదురుతాండేది చేతికి తెలస్తాది. చెవికి రాదు" అన్నాడు.

ఇది బేస్ వాయించేవాళ్లందరి ఫిర్యాదే. అతని దగ్గర ఆంపు, స్పీకరు ఒకే పెట్టెలో ఉండే చిన్న కాంబో ఉంది. దాన్ని నేల మీద, మడమల వెనక పెట్టుకునేవాడు. అలా పెడితే మోకాళ్లకు వినిపిస్తుంది, చెవులకు వినిపించదు. బేస్ మోత దగ్గర నిలబడ్డవాడికంటే ఇరవై అడుగుల అవతల కూర్చున్నవాడికే బాగా చేరుతుంది. పెట్టెను కుర్చీ మీదకు ఎక్కించాలి. లేదా ముందు అంచు కింద చెక్కముక్క పెట్టి ముఖం పైకి వాల్చాలి. బేస్ అని రాసివున్న మీటను కొంచెం తగ్గించి, మధ్య స్వరాల మీటను కొంచెం పెంచాలి. ఇంతే. వస్తువు ఏదీ అమ్మక్కర్లేదు.

ఆ మాట చెప్పి పంపాను. మంచి సలహానే ఇచ్చాను. ఇది నా గొప్పకు చెప్పడం లేదు. సరైన పని ఎలా ఉంటుందో నాకు తెలియక తప్పు చేశానని ఎవరూ అనుకోకూడదు, అందుకని చెబుతున్నాను.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ వచ్చాడు. కుర్చీ మీద పెట్టినా, మీటలు తిప్పినా వినపడటం లేదట. కీబోర్డు వాయించేవాడు మాత్రం మోత తగ్గించమని తిడుతున్నాడట. ఈసారి నేను స్పీకరు లేకుండా విడిగా వచ్చే పెద్ద ఆంపు హెడ్డు ఒకటి, నాలుగు పదంగుళాల స్పీకర్లున్న బాక్సు ఒకటి ఇచ్చాను. నాలుగు స్పీకర్ల బాక్సు నిలబెడితే నడుము దాకా వస్తుంది, మోత చెవికి దగ్గరవుతుంది. ఈ లెక్క తప్పు కాదు. కాని ఒక ప్రశ్న నేను అడగలేదు. బేస్ ఒక్కటేనా, ఇంకేమైనా కూడా వినపడటం లేదా? పక్కవాడు మోత ఎక్కువైందని తిడుతుంటే వాయించేవాడికి అసలు వినపడటం లేదంటే, చూడాల్సింది పెట్టెను కాదు. ఆ రోజే నాకు అనుమానం రావాల్సింది. నిజం చెప్పాలంటే కొంచెం వచ్చింది. ఇంత మెల్లగా మాట్లాడేవాడికి చెవుడేమిటి, చెవిటివాళ్లు అరిచి మాట్లాడతారు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

కస్తూరి అడిగిన మాట

ఇంకో ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం మునిరత్నం భార్య కస్తూరి ఒక్కతే బస్సులో తిరుపతి వచ్చింది. జాకెట్లు కుట్టే మనిషి. చేతిసంచిలో ఇంకా కుట్టుపని గుడ్డలు ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మా ఇంటాయనకి చెవి ఇనపడ్లేదు. కుక్కర్ కూత నాకన్నా ముందే ఇంటాడు. మా మామ ఎనకాల నిలబడి పిలిస్తే పలకడు. ఫ్యాక్టరీలో మిషన్లు తిరగతావుంటే అందురి మాటలూ ఇనపడతాయంట, ఇంట్లో నిదానంగా ఉంటే ఇనపడవంట. ఇదేం చెవుడని మావాళ్లు నవ్వతారు. కావాలనే ఇననట్టు ఉండాడంటారు."

"డాక్టరుకి చూపించినారా?" అన్నాను.

"రమ్మంటే కోపం. చెవిటోడని తెలిస్తే ఆర్కెస్ట్రా పార్టీలోకి ఎవురు పిలుస్తారంటాడు. నా మాట ఇనడు సార్. మీ మాటంటే ఆయనకి గురి. ఇంట్లో ఏ సామాను కొనాలన్నా తిరపతి సార్ ఏమన్నాడో అంటాడు. మీరు ఒక్క మాట సెప్పండి సార్, చెవి డాక్టరు కాడికి పొమ్మని. నేను వచ్చినానని మాత్రం సెప్పద్దండి."

"చెప్తానమ్మా. వచ్చినప్పుడు తప్పకుండా చెప్తాను" అన్నాను.

ఆమె చేతులెత్తి దండం పెట్టి వెళ్లింది. ఆ క్షణంలో చెప్పాలనే అనుకున్నాను.

పది రోజులకు మునిరత్నం వచ్చాడు. పెద్ద బాక్సుతో కూడా వినపడటం లేదన్నాడు. నేను ఒక బేస్ గిటార్ తీసి ఆంపుకు తగిలించి, "ఆ గోడ మీదుండే గిటార్లు చూస్తా ఉండప్పా, కొత్తవి వచ్చినాయి" అన్నాను. అతను నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మోత కొంచెం తగ్గించి సన్నతీగ వాయించాను. వెంటనే తిరిగి చూశాడు. మళ్లీ గోడవైపు తిరిగాక, అదే మోతతో కింది స్వరం పలికే లావుతీగ మీటాను. పెడళ్లున్న అల్మారా అద్దం గలగలమంది. అతను కదల్లేదు. ఇంకోసారి మీటాను. గిటార్ల వైపే చూస్తూ, "వాయించండి సార్, ఇంటాను" అన్నాడు.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. తెలుసుకోవాలనే నేను పెట్టిన పరీక్ష. అతని చెవికి ఏ స్వరాలు అందుతున్నాయో, ఏవి అందడం లేదో ఆ నిమిషంలో నాకు పూర్తిగా తెలిసిపోయింది.

నోరు తెరవాలి. తెరవలేదు. ఎందుకు తెరవలేదో ఎన్నో ఏళ్లు నన్ను నేను అడిగాను. శెట్టిగారి ఒత్తిడి లేదు, ఆయన ఆ రోజు దుకాణంలోనే లేరు. సామాను అమ్ముడుపోక నిలిచిందీ లేదు. అతను బాధపడతాడని ఆగానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అదీ కాదు. చెవి చూపించుకోమంటే, మరి పోయినసారి ఆ పెద్ద బాక్సు ఎందుకిచ్చావని అతను అడుగుతాడు. అతను అడక్కపోయినా ఆర్కెస్ట్రా వాళ్లు అడుగుతారు. చెవుడున్న మనిషికి ఆంపు మార్చి పంపాడు వరదరాజులు అని చిత్తూరు అంతా చెప్పుకుంటారు. నేను ఆగింది అందుకు. మరో కారణం లేదు.

నా తెలివి

ఇక్కడ పెడళ్ల గురించి ఒక మాట చెప్పాలి. పెడల్ అంటే గిటార్‌కూ ఆంపుకూ మధ్య పెట్టే చిన్న డబ్బా. ఒకటి మోతను ఎగుడుదిగుడు లేకుండా సమం చేస్తుంది. ఒకటి కొన్ని స్వరాలను పెంచి కొన్నిటిని తగ్గిస్తుంది. ఇంకొకటి శబ్దాన్ని కొంచెం గరగరలాడిస్తుంది. ఆ గరగర వల్ల లావుతీగ స్వరానికి దాని పైస్థాయి స్వరాలు తోడవుతాయి. మంచి వాద్యగాడి చేతిలో ఇవి రుచి పెంచే వస్తువులు. చేతిలో ఉన్న లోపాన్ని, గిటార్‌లో ఉన్న లోపాన్ని కప్పడానికి కూడా వాడొచ్చు. ఆ రోజు నేను ఒక మనిషి చెవిలో ఉన్న జబ్బును కప్పడానికి వాడాను.

కింది స్వరాలు వినపడని చెవికి పైస్వరాలు వినపడుతున్నాయని నాకు తెలుసు. గరగర పెడలు పెట్టి, దాని తర్వాత స్వరాలు సవరించే పెడలు పెట్టి, సరిగ్గా అతని చెవి పట్టే చోట పెంచాను. పావుగంట పట్టింది. మీట ఒక్కో వెంట్రుకంత తిప్పుతూ అతని ముఖం చూశాను. ఒక చోట అతని కళ్లు పెద్దవయ్యాయి.

"ఇనపడతాండాది సార్," అన్నాడు. లావుతీగ మళ్లీ మీటాడు. "మూడేండ్లాయ సార్ ఇది ఇని."

నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. నా ముప్పై ఒక్క ఏళ్లలో ఇంత నేర్పుగా చేసిన పని మరొకటి లేదు. దానికి తోడు పదిహేను అంగుళాల స్పీకరున్న ఇంకో బాక్సు కూడా ఇచ్చి పంపాను. చెవిని చంపే మోత అంతా అందులో ఉంది.

రెండు రోజుల తర్వాత కస్తూరి ఫోన్ చేసింది. "సార్, సెప్పినారా?"

"చెప్పినానమ్మా."

"ఏమన్నాడు సార్?"

"చూస్తానన్నాడు."

ఆమె నాకు పుణ్యం ఉంటుందని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నాయుడుపేట రిసెప్షన్

ఆ తర్వాత జరిగినది వాళ్ల కీబోర్డు వాయించే అతను దుకాణానికి వచ్చినప్పుడు చెప్పాడు. ఏడాదిన్నర గడిచాక నాయుడుపేటలో ఒక రిసెప్షన్. ఆ రోజు గాయకుడికి గొంతు బాగాలేదు. పాట మొదలయ్యే ముందు అందరి దగ్గరికీ వచ్చి, శ్రుతి ఒక మెట్టు దించి వాయించండి అని చెప్పాడు. మునిరత్నానికీ చెప్పాడు. మునిరత్నం తల ఊపాడు. పాట మొదలైంది. అందరూ కింది శ్రుతిలో, మునిరత్నం ఒక్కడూ పాత శ్రుతిలో. వెనక నేనిచ్చిన రెండు బాక్సుల మోతలో అతనికి తన బేస్ తప్ప మరేదీ అందలేదు. సైగలు చేసినా అతను తల వంచి వాయిస్తూనే ఉన్నాడట, కళ్లు మూసుకుని, మంచి ఊపులో. పెళ్లివాళ్లు నవ్వారు. ఎవరో ఫోన్‌లో తీసి ఊరంతా పంపారు.

"ఆ మనిషికి ఇనపడ్లేదు సార్, ఎన్నాళ్లనుంచో," అన్నాడు కీబోర్డు వాయించే అతను. "మాకెవురికీ తెలీదు. మా వోనరు ఆ రోజే సామాను ఎత్తుకుని పొమ్మన్యాడు. మీకు ఎప్పుడన్నా అనుమానం వచ్చిందా సార్?"

"లేదప్పా," అన్నాను.

కొన్నాళ్లకు మునిరత్నాన్ని వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారని తెలిసింది. చెవి లోపలి చిన్న ఎముక బిగుసుకుపోయే జబ్బు. మొదట్లో కింది స్వరాలు పోతాయట. పరిసరాల్లో మోత ఉంటే మాటలు బాగా వినపడినట్టు ఉంటుందట. తన గొంతు తనకు లోపల గట్టిగా వినిపిస్తుంది కాబట్టి అలాంటివాళ్లు మెల్లగా మాట్లాడతారట. రెండేళ్ల ముందు వచ్చివుంటే ఆపరేషన్‌తో చాలావరకు బాగయ్యేదని, ఇప్పుడు పెద్ద మోతల వల్ల లోపలి నరం కూడా దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడట. ఆ రెండేళ్లు ఎక్కడ పోయాయో నాకు తెలుసు.

నేను వెళ్లలేదు. ఫోన్ కూడా చేయలేదు. దుకాణంలో మునిరత్నం పేరు ఎవరైనా ఎత్తితే ముందు గదిలోకి వెళ్లి పని ఉన్నట్టు నటించేవాణ్ణి.

బస్టాండులో

పని మానేసిన రెండు నెలలకు తిరుపతి బస్టాండులో కస్తూరి కనిపించింది. నేను తప్పుకునేలోపే చూసింది. నవ్వుతూ దగ్గరికి వచ్చింది.

"బాగుండారా సార్? మిమ్మల్ని తలచుకోని రోజు ఉండదు సార్ మా ఇంట్లో."

ఎందుకమ్మా అన్నాను.

"ఆ పొద్దు మీరు మా కోసరం అంత సెప్పినారు. ఈయన ఇనలేదు. ఇప్పటికీ అడిగితే, సార్ నాతో ఆ మాటే అనలేదంటాడు. ఎంత అబద్ధం సూడండి. తిరపతి సారు సెప్పినా ఇనని మొండోడు, ఇప్పుడు ఇనపడ్లేదని ఏడిస్తే ఏం లాభమని దినమ్మూ అంటానే ఉంటాను. మా అత్తా అంటాది, పిల్లోళ్లూ అంటారు."

అప్పుడే చెప్పాలి. చిత్తూరు బస్సు కదలబోతూ ఉంది, ఆమె ఎక్కాలి. "జాగ్రత్తమ్మా" అన్నాను. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది.

అప్పటిదాకా నా తప్పు ఒక చెవికి సంబంధించినదనుకున్నాను. ఆ మనిషి ఇన్నేళ్లుగా సొంత ఇంట్లో నిజం చెబుతూ, అబద్ధాలకోరని అనిపించుకుంటున్నాడు. అక్కడ నాకు మంచి పేరు ఉంది. ఇది తెలిశాక కూడా మూడు నెలలు ఆగాను. ఆ మూడు నెలలకు నా దగ్గర ఏ సంజాయిషీ లేదు.

చిత్తూరులో ఆదివారం

ఒక ఆదివారం పొద్దున చిత్తూరు వెళ్లాను. సందులో చిన్న ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, పక్కన నేనిచ్చిన నాలుగు స్పీకర్ల బాక్సు. దాని మీద గుడ్డ పరిచి టీవీ పెట్టారు. పదిహేను అంగుళాల బాక్సు వంటింటి గుమ్మం దగ్గర ఉంది. దాని మీద మిక్సీ. మునిరత్నం చెవి వెనక వినికిడి మిషను పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచి వేశాడు.

రెండు నిమిషాలు కూడా ఆగకుండా మొదలుపెట్టాను. ఆగితే చెప్పలేనని తెలుసు.

"మునిరత్నం, నీకు ఒక మాట చెప్పాల. కస్తూరమ్మ నా దగ్గరికి వచ్చి నీకు చెవి డాక్టరు సంగతి చెప్పమనింది. నేను చెప్పలేదు."

అతను నా పెదాలు చూస్తూ నవ్వాడు. భార్యవైపు తిరిగి, "ఏమంటాడు?" అన్నాడు. నా గొంతు లావు గొంతు. మిషను పెట్టుకున్నా అది అతని చెవికి అందదు.

కస్తూరి మంచినీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె విన్నది.

"మళ్లీ సెప్పండి సార్," అంది.

మళ్లీ చెప్పాను. ఈసారి అంతా చెప్పాను. లావుతీగ పరీక్ష, పెడళ్లు, ఫోన్‌లో ఆమెతో ఆడిన అబద్ధం. ఆమె చెంబు కింద పెట్టి, అతని పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగింది.

"ఈయప్ప నీకు సెప్పలేదంట."

"ఏంది?"

"చెవి సంగతి. నేను పోయి సెప్పమంటే నీకు సెప్పలేదంట. సెప్పినానని నాతో అబద్ధమాడినాడంట."

రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మూడోసారి చెప్పేటప్పటికి ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్లు మావైపు చూశారు. నన్ను ఈయప్ప అంది; అంతకుముందు దాకా నేను ఆమెకు సార్‌ని.

మునిరత్నం నన్ను చూడలేదు. భార్యనే చూశాడు.

"నేను నీతో అదే కదా అంటి," అన్నాడు మెల్లగా.

"అవును."

"ఎన్నితూర్లు అంటి."

"అవునయ్యా. నేనే ఇనలేదు."

ఆమె తల వంచుకుంది. అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఆ గదిలో ఉండకూడని మనిషిని, కాని లేచే ధైర్యం కూడా లేదు. తర్వాత అతను నావైపు తిరిగాడు.

"ఆ పెడల్ పెడితే ఇనపడె కదా. అదెట్ల?"

కాగితం అడిగి తీసుకుని రాసి చూపించాను. నీకు కింది స్వరం వినపడలేదు. పెడల్ దానికి పైస్వరాలు కలిపింది. నువ్వు విన్నది వాటిని. అతను రెండుసార్లు చదివాడు.

"అంటే నాకు ఏది ఇనపడ్లేదో నీకు కచ్చితంగా తెలుసు."

తల ఊపాను.

"తెలిసే అంత బాగా పెట్టినావు."

మళ్లీ తల ఊపాను.

"బలే పనితనం నీది," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. ఒక పనివాడు ఇంకో పనివాడి పనిని చూసి చెప్పినట్టే చెప్పాడు. తిట్టివుంటే తల వంచుకుని వినేవాణ్ణి. ఈ మాట విని ఎటు చూడాలో తెలియలేదు.

క్షమించమని అడగాలని వెళ్లాను. అడగలేదు. అడిగితే మర్యాదకు సరే అనేస్తారు, వాళ్లు అలాంటివాళ్లు. వాళ్ల చేత ఆ మాట కూడా అనిపించుకోవడం బాగుండదనిపించింది. కస్తూరి లేచి, "ఎండ ఎక్కువయ్యేలోపల బయల్దేరండి" అంది.

చెప్పులు వేసుకుంటుంటే మునిరత్నం గుమ్మం దాకా వచ్చాడు.

"మీ షాపుకి నా మాదిరి ఇనపడ్లేదని వచ్చినోళ్లు ఇంకెవురన్నా ఉండారా?"

ఇది నేనెప్పుడూ ఆలోచించని ప్రశ్న. గుర్తు చేసుకున్నాను. ఉన్నాడు. సూళ్లూరుపేటలో చర్చిలో బేస్ వాయించే ఒకాయన, నేను మానేసే ముందు ఏడాది రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ పెద్ద ఆంపే ఇచ్చి పంపాను. వేళ్లు చూపించి, ఒకరు అన్నాను.

"ఆయన ఇల్లు తెలుసునా?"

ఊరు తెలుసు, చర్చి తెలుసు, అడిగితే చెబుతారని కాగితం మీద రాశాను.

అతను కాగితం చదివి మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఈ పొద్దు ఆదివారం. సాయంత్రానికి చర్చిలోనే ఉంటాడు, పో."

తిరుపతిలో బస్సు దిగి ఇంటికి వెళ్లలేదు. సూళ్లూరుపేట బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగి, దాని కోసం నిలబడ్డాను.